తొట్టి బండా? బల్ల బండా?

ఈ వారం ఉత్తరాల్లో ఒకటి ఆస్ట్రేలియా నుంచే వచ్చింది. బ్రిస్బేన్ దగ్గర వుంటున్న ఓ చెల్లాయి రాసింది. వాళ్ళ శ్రీవారు ఫోర్ వీల్ డ్రైవ్ యూట్ కొనబోతున్నారట. పిల్లలకి జూలై సెలవులివ్వగానే కేప్ యార్క్ కొస దాకా వెళ్ళి రావాలని ఆయన కోరిక. అక్కడిదాకా బాగానే వుంది. ఆ బండి వెనక భాగం ‘టబ్’ పెట్టించాలా, ‘ట్రే’ పెట్టించాలా అని ఆయనా, ఆయన స్నేహితులూ నెల్లాళ్ళ నుంచి ఒకటే వాదనట. ఈవిడని మాత్రం ‘రంగు ఏది బావుంటుంది?’ అని అడిగారట!

రంగు అడిగారండీ! మూడు వారాలపాటు రోజుకి రెండు పూటలా ఆ బండి వెనకాల నిలబడి కుక్కరు పెట్టేది ఎవరు? పప్పు డబ్బా ఎక్కడుందో, చంటాడి స్వెట్టరు ఎక్కడుందో చీకట్లో తడుముకునేది ఎవరు? బండి ముందు భాగం నడిపేవాళ్ళదే కావచ్చు, కాదనను. వెనక భాగం మాత్రం వంటింటిదీ, పడకటింటిదీ, బీరువాదీను. కాబట్టి ఈ వారం ఆవకాయ సంగతి పక్కన పెట్టి ఈ బండి సంగతే చెప్పుకుందాం. హైదరాబాదులోనో, రాజమండ్రిలోనో కూచుని చదివే మీకు ఇదెందుకనుకోకండి. మీ అబ్బాయో, అల్లుడో ఓ ఆదివారం ఫోన్‌లో ‘యూట్ కొంటున్నాం’ అంటే, మీరు ఠక్కున ‘పేలోడ్ ఎంత నాయనా?’ అని అడగండి. అవతల వాళ్ళు కాసేపు మాట్లాడరు చూడండి!

ముందు యూట్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెబుతాను. యుటిలిటీ అనే మాటకి ఆస్ట్రేలియా వాళ్ళ ముద్దుపేరు అది. ముందు కారు, వెనక సామాను మోసే చోటు. మనవైపు బొలెరో పికప్ చూస్తారు కదా, ఆ జాతే. తడ దగ్గర శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్ తయారవుతోంది, అదీ ఇదే. ఆస్ట్రేలియాలో అమ్మే డి-మాక్స్‌లు మాత్రం థాయిలాండ్ నుంచి వస్తాయి లెండి. అసలీ బండి పుట్టటానికి కూడా ఓ ఇల్లాలే కారణమని అక్కడ చెప్పుకుంటారు. 1930ల మొదట్లో విక్టోరియా రాష్ట్రంలో గిప్స్‌లాండ్ వైపు ఓ రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందట. ఆదివారం తడవకుండా చర్చికి వెళ్ళటానికీ, సోమవారం పందుల్ని సంతకి తోలటానికీ పనికొచ్చే బండి ఒకటి చేసిపెట్టండి, రెండు బళ్ళు కొనే స్తోమత మాకు లేదని దాని సారాంశం. జీలాంగ్‌లోని ఫోర్డ్ కర్మాగారంలో లూ బ్యాండ్ట్ అనే కుర్ర ఇంజనీరు దాన్ని గీశాడు. 1934లో మొదటి యూట్ వచ్చింది. ఆడది ఉత్తరం రాస్తే పుట్టిన బండికి ఆడవాళ్ళని రంగు మాత్రమే అడగటం... పోన్లెండి.

ఇక అసలు సంగతి. టబ్ అంటే తొట్టి. కంపెనీవాళ్ళే రేకుతో నొక్కి చేసి, బండి రంగే వేసి పంపిస్తారు. చుట్టూ గోడలు, వెనక ఒక్క డోరు. లోపల రెండు పక్కలా చక్రాల మీద రేకు బుడిపెల్లా పొడుచుకొచ్చి వుంటుంది. ట్రే అంటే బల్ల. మన ఎడ్లబండి మీద పరిచిన చెక్కల్లాంటిదే. చక్రాల పైనుంచి చదునుగా పరిచిన పళ్ళెం, పక్కలు మూడు వైపులా కిందికి వాలుతాయి, విప్పి తీసేయొచ్చు కూడా. వెనకేమీ లేకుండా కేబ్-చాసిస్ అని అమ్మే బండి కొని, దాని మీద మనకి కావలసిన ట్రే కట్టించుకోవాలి. టయోటా ల్యాండ్ క్రూజర్ 79 అయితే అసలు తొట్టితో రానే రాదు, బల్లే గతి. హైలక్స్, రేంజర్, డి-మాక్స్ వగైరా రెండు రకాలుగానూ దొరుకుతాయి. కాకపోతే తోలు సీట్లూ హంగులూ వున్న మోడళ్ళు చాలావరకు తొట్టితోనే వస్తాయి. హంగులూ కావాలి, బల్లా కావాలి అనేవాళ్ళు తొట్టి విప్పించి అమ్మేసి ట్రే పెట్టించుకుంటారు. అలా చేస్తే వెనక లైట్లు, రివర్స్ కెమెరా, సెన్సర్లు అన్నీ మళ్ళీ అమర్చాలి. ఆ ఖర్చు ముందుగానే అడిగి కాగితం మీద రాయించుకోండి.

మేముండేది మెల్‌బోర్న్ పడమటి వైపు, టార్నీట్‌లో. మాది నాలుగు తలుపుల తొట్టి బండి, పైన క్యానోపీ, అంటే గూడు బిగించినది. మా వీధిలోనే వుండే గుంటూరువాళ్ళది బల్ల బండి, దాని మీద అల్యూమినియం అలమరలాంటి గూడు. క్రితం ఏడాది చలికాలంలో రెండు కుటుంబాలం కలిసి ఊడ్నడాటా ట్రాక్‌కి వెళ్ళాం. దక్షిణ ఆస్ట్రేలియాలో మర్రీ అనే ఊరి నుంచి మార్లా దాకా సుమారు 620 కిలోమీటర్ల మట్టిరోడ్డది. పాత రైలు దారి వెంబడే వెళుతుంది. పక్కన లేక్ ఐర్ అనే పే...ద్ద ఉప్పు చెరువు. దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఒకే దారిలో, ఒకే దుమ్ములో, ఒకే వంట రెండు బళ్ళ మీద చెయ్యటం అంటే ఇంతకంటే మంచి పరీక్ష ఇంకేముంటుంది?

మొదటి రోజు సాయంత్రం కోవర్డ్ స్ప్రింగ్స్‌లో ఆగాం. ఖర్జూరపు చెట్ల మధ్య చక్కటి విడిది. ఆవిడ బండి దిగి పక్క తలుపు పైకెత్తింది. గొడుగులా నిలబడింది. లోపల అలమరలో పప్పులు, ఉప్పులు, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ కళ్ళ ముందే! మడతబల్ల ఒకటి కిందికి లాగింది, ఉల్లిపాయలు తరగటం మొదలెట్టింది. నేను వెనక డోరు దించి, లోపలున్న సొరుగు లాగి, దాని మీది దుప్పట్లు తీసి కింద పెట్టి, ఆ వెనకున్న పప్పు డబ్బా కోసం డోరు మీదుగా సగం శరీరం లోపలికి వంచి... నా ఎత్తు ఐదడుగులు మాత్రమే సుమా! తొట్టిలో వున్న చిక్కు ఇదే. తలుపు ఒక్కటే, అదీ వెనక. ముందు భాగంలో పెట్టిన వస్తువు కావాలంటే ఎక్కి పాకాలి. ఆ చిక్కు తీరాలంటే జారే సొరుగులు పెట్టించాలి. వాటి బరువు ఖాళీగానే 60, 70 కిలోలుంటుంది.

కానీ ఇంకోవైపు కూడా చూడండి. మా డోరు దించితే అది భూమికి సుమారు 80 సెంటీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. మనింట్లో వంటగట్టు ఎత్తు అంతే కదా! చపాతీలు ఒత్తటానికి దాన్ని మించిన పీట లేదు. ఆవిడ బల్లేమో చక్రాల పైనుంచి వుంటుంది కాబట్టి నేల మట్టమే మీటరు దాకా ఎత్తు. బండిని మరో రెండంగుళాలు లేపించారు కూడా. దాని మీద ఫ్రిజ్ పెడితే మూత తెరిచేది నా నెత్తి ఎత్తులో! పాల పాకెట్ కోసం ఆవిడ రోజూ చిన్న స్టూలు వేసుకునేది. దీనికీ మందు వుంది, ఫ్రిజ్‌ని ముందుకి లాగి కిందికి దించే స్లైడు. కాకపోతే అది ఖరీదెక్కువ, బరువూ ఎక్కువే. కాబట్టి నా మాట వినండి. షోరూంకి వెళ్ళేటప్పుడు మీ అయిదు లీటర్ల కుక్కరు, ఓ అయిదు కిలోల బియ్యం సంచీ పట్టుకెళ్ళండి. బండి దగ్గర నిలబడి వాటిని లోపల పెట్టి, తీసి చూడండి. సేల్స్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి, వండేది ఆయన కాదు.

మరో సంగతి. ఆస్ట్రేలియాలో కూడా మనలాగే రోడ్డుకి ఎడమవైపు నడుపుతారు. కాబట్టి బల్ల బండి మీద వంటిల్లు కట్టించుకుంటే ఎడమ పక్కనే కట్టించుకోండి. రోడ్డు పక్కన ఆగి టీ కాచుకున్నప్పుడు లారీలు మీ వీపు వెనకనుంచి పోకుండా బండి అవతల నిశ్చింతగా వుండొచ్చు. గుంటూరావిడది కుడి పక్కన వుంది. అక్కడి లారీలు మామూలువి కావు, మూడేసి ట్రైలర్లు తగిలించుకుని పోయే రోడ్ ట్రైన్లు. అదొకటి దూసుకుపోయినప్పుడల్లా ఆవిడ గరిటె పట్టుకుని బండికి అంటుకుపోయేది.

ఇక దుమ్ము. అబ్బో, దాని గురించి ఎంత చెప్పినా తక్కువే! అక్కడి మట్టిరోడ్ల దుమ్ము మన ఊరి దుమ్ములాంటిది కాదు. టాల్కమ్ పౌడరంత మెత్తగా, ఇటుక రంగులో వుంటుంది. బండి వేగంగా పోతుంటే వెనకాల గాలి సుడి తిరిగి ఆ దుమ్మునంతా వెనక డోరు సందుల్లోంచి లోపలికి లాగేస్తుంది. తొట్టి డోరు కింద, పక్కల వేలు దూరేంత సందులుంటాయి. అది వాననీళ్ళు కారిపోవటానికి చేసిన తొట్టి కానీ దుమ్ము ఆపటానికి చేసింది కాదు. రెండో రోజుకి మా కందిపప్పు ఎర్ర కందిపప్పయింది! మూత గట్టిగానే వుంది, మూత తెరిచినప్పుడు అంచు మీదున్నదంతా లోపల పడింది. దీనికి రబ్బరు సీల్ కిట్లు దొరుకుతాయి, డోరు చుట్టూ అంటించాలి. క్యానోపీ కప్పు ముందు భాగంలో గాలి లోపలికి వచ్చే చిన్న కిటికీ పెట్టిస్తే ఇంకా మంచిది. లోపల గాలి నిండి వుంటే బయటి దుమ్ముని లోపలికి రానివ్వదు. మేము తిరిగొచ్చాక రెండూ చేయించాం. ఇప్పుడు చాలా నయం, పూర్తిగా పోయిందంటే అబద్ధమవుతుంది.

బల్ల మీది గూళ్ళకి తలుపు చుట్టూ మందపాటి రబ్బరు, నొక్కి బిగించే గడియలు వుంటాయి కాబట్టి ఈ విషయంలో వాటిదే పైచేయి. అయినా అన్నీ ఒకేలా వుండవు. కొనేముందు ఓ చిట్కా. ఫ్రిజ్ తలుపు రబ్బరు పరీక్షించటానికి మనం కాగితం పెట్టి తలుపు మూసి లాగుతాం కదా? అలాగే గూడు తలుపు చుట్టూ నాలుగైదు చోట్ల కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారివస్తే అక్కడ దుమ్ము దూరుతుందన్నమాట. చీకటి పడ్డాక లోపల టార్చిలైటు వెలిగించి తలుపులన్నీ మూసి చుట్టూ తిరిగి చూసినా తెలిసిపోతుంది. వెలుతురు వచ్చిన చోటల్లా దుమ్ముకి దారి వున్నట్టే.

పచ్చళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మట్టిరోడ్డు మీద బట్టలు ఉతికే చెక్కలాగా అడ్డంగా గాడులు పడి వుంటాయి. గంటల తరబడి దడదడే. గాజుసీసాలు ఏ బండిలోనూ బతకవు. స్టీలు డబ్బాలు ఒకదానికొకటి రాసుకుని నల్లటి పొడి రాలుతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, మధ్యలో పాత తువ్వాళ్ళు. అంతే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇది చదివేటప్పుడు కాస్త పెన్నూ కాగితం దగ్గర పెట్టుకోండి. ప్రతి బండికీ జి.వి.ఎం. అని ఒకటుంటుంది. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి ఇంతకి మించకూడదని కంపెనీ నిర్ణయించిన బరువు. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే పేలోడ్. ఈ నాలుగు తలుపుల యూట్‌లకి అది సుమారు వెయ్యి కిలోలుంటుంది. ‘వెయ్యి కిలోలా! అంటే పది క్వింటాళ్ళు, మనకేం తక్కువ!’ అనిపిస్తుంది. రండి, లెక్క వేద్దాం. మీ బండి పేలోడ్ 980 అనుకోండి.

అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు 230 కిలోలు. కంగారూలు అడ్డం పడతాయని ముందు బిగించే ఇనప బుల్‌బార్ 60. వెనక టోబార్ 30. క్యానోపీ, దాని మీద రాక్ కలిపి 100. సొరుగులూ స్లైడూ 80. నిండు ఫ్రిజ్ 45. రెండో బ్యాటరీ, దాని తీగలు 30. నీళ్ళు 60 లీటర్లు, అంటే 60 కిలోలే. డీజిల్ డబ్బాలు రెండు, 40. కప్పు మీద గుడారం 65. అదనపు చక్రం 35. బురదలో దిగబడితే లాగే తాళ్ళు, పార, పనిముట్లు 40. బియ్యం, పప్పు, గిన్నెలు, పొయ్యి, గ్యాసు 50. బట్టలు, దుప్పట్లు, కుర్చీలు, బల్ల 85. కూడండి. 950! కొండవీటి చేంతాడంత జాబితా ఏమీ కాదు, అందరూ పట్టుకెళ్ళేవే. మిగిలింది ముప్ఫై కిలోలు. ఇప్పుడు మావారిలా ‘ఓ చిన్న కారవాన్ కూడా తగిలించుకుందాం’ అన్నారనుకోండి, రెండు వేల కిలోల కారవాన్ దాని ముక్కుతో బండి తోక మీద సుమారు 200 కిలోలు మోపుతుంది. అదీ పేలోడ్‌లోంచే పోతుంది. 170 కిలోలు ఎక్కువైపోయాం! బండి లాగగలిగే బరువు 3500 కిలోలని పత్రికల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ లాగుడికీ ఈ మోతకీ సంబంధం వుందని చిన్న అక్షరాల్లో కూడా చాలామంది చదవరు.

ఎక్కువైతే ఏమవుతుందంటారా? బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. వెనక బరువుకి ముందు చక్రాలు తేలిక పడి స్టీరింగ్ మాట వినదు. పోలీసులు తూకం వేస్తే జరిమానా. అన్నిటికంటే, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు పేచీ పెట్టే అవకాశం వుంది. బండిలో వున్నది మన పిల్లలు కదండీ.

తొట్టా, బల్లా అన్న ప్రశ్నకి దీంతో పని ఏమిటంటే, బల్ల బండి కాగితాల మీద రాసే ఖాళీ బరువులో చాలాసార్లు ట్రే బరువు కలపరు. బండి అందంగా 1200 కిలోలు మోస్తానంటుంది. దాని మీద ఇనప ట్రే పెట్టించారా, 200 కిలోల దాకా పోయినట్టే. అల్యూమినియం అయితే అందులో సగం చిల్లర. ఇక అలమరలతో గూడు కట్టిస్తే ఇంకో 150, 200. మా గుంటూరువాళ్ళు బండి కొన్నాక వే బ్రిడ్జి దగ్గర తూయిస్తే వంటసామాను ఎక్కించకముందే సగం పేలోడ్ అయిపోయింది. ఆవిడ ఆ రోజే నా దగ్గరికొచ్చి ఇత్తడి గిన్నె ఇచ్చేసి వెళ్ళింది, ‘ఇక నుంచి అల్యూమినియమే వదినా’ అంటూ. జి.వి.ఎం. పెంచే ఏర్పాట్లు కూడా వున్నాయి, గట్టి కమాన్ కట్టలు వేసి, ధ్రువపత్రం ఇస్తారు. కొత్త బండి రిజిస్టర్ కాకముందే చేయిస్తే తంటాలు తక్కువని అందరూ అంటారు. మీ రాష్ట్రంలో నియమం ఏమిటో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా చూడాలి. కావడి మోసేవాడు ఒక పక్కనే రెండు కుండలూ కట్టుకుంటాడా? నాలుగు తలుపుల బండిలో కేబిన్ పొడుగు కాబట్టి వెనక పెట్టెలో సగం భాగం ఇరుసుకి వెనకాలే వేలాడుతుంది. తొట్టి సుమారు ఒకటిన్నర మీటరు, బల్ల 1.8 మీటర్ల దాకా వుంటుంది. పొడుగు దొరికింది కదా అని ఆ కొసన రెండు అదనపు చక్రాలు, నీళ్ళ డబ్బాలు, దాని వెనక కారవాన్ పెడితే, గతుకుల రోడ్డు మీద ఎగిరి పడ్డప్పుడల్లా ఆ ఇరుసు దగ్గర చాసిస్ మీద మీట వేసి తొక్కినట్టవుతుంది. చాసిస్ వంగిపోయి ఎడారి మధ్యలో ఆగిపోయిన యూట్‌లు అక్కడ అరుదేమీ కాదు. వెనక కుంగుతోందని స్ప్రింగుల దగ్గర గాలి బెలూన్లు పెట్టించి ఇంకా బరువేస్తారు కొందరు, అప్పుడు ఆ ఒత్తిడంతా ఒక్కచోటే పడి మరీ ప్రమాదం. కాబట్టి నీళ్ళు, బ్యాటరీ, బియ్యం లాంటి బరువులన్నీ కేబిన్‌కి ఆనించి, కింద. దుప్పట్లు, బట్టలు, చిప్స్ పాకెట్లు వెనక, పైన. మనం కూరల సంచీ సర్దే పద్ధతే, గుమ్మడికాయ అడుగున, కొత్తిమీర పైన.

ఈ విషయంలో బల్లకి ఒక గొప్ప సౌకర్యం వుంది. దాని కింద, చక్రాలకి ముందూ వెనకా ఖాళీ వుంటుంది. అక్కడ నీళ్ళ ట్యాంకు, పనిముట్ల పెట్టెలు బిగించొచ్చు. బరువు కిందికి దిగుతుంది, మురికి పార వంటసామానుతో కలవదు. తొట్టిలో అన్నీ ఒకే గదిలో వుండాలి. బురద తాడు పక్కనే బియ్యం సంచీ! ఒక్కోసారి మడి కట్టుకోవాలనిపిస్తుంది.

పిల్లలు పెద్దవాళ్ళై, మీరిద్దరే తిరిగేవాళ్ళయితే నాలుగు తలుపుల బండే వద్దంటాను. వెనక చిన్న సీట్లుండే ఎక్స్‌ట్రా కేబ్ తీసుకుంటే బల్ల సుమారు 2.1 మీటర్లు వస్తుంది, అందులో ఎక్కువ భాగం ఇరుసుకి ముందే వుంటుంది. కాళ్ళు చాపుకుని పడుకునేంత చోటు. మెల్‌బోర్న్‌లో రిటైరైన దొరలూ దొరసానులూ ఎంతోమంది అలాగే తిరుగుతున్నారు.

ఊళ్ళో వాడకం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఏడాదిలో 48 వారాలు బండి వుండేది ఊళ్ళోనే. తొట్టి బండి కారులాగే వుంటుంది. బడికి, గుడికి, ఇండియన్ స్టోర్‌కి నదురుగా వెళుతుంది. బల్ల అంచులు మూలలు తేలి, సరిగ్గా పిల్లల నుదురు ఎత్తున వుంటాయి. కార్ పార్క్‌లో పరిగెత్తే పిల్లలున్న ఇల్లయితే ఆ మూలలకి రబ్బరు తొడుగులు మొదటి రోజే వేయించండి. గూడు ఎత్తు పెంచి కట్టిస్తే కింది అంతస్తుల పార్కింగుల్లోకి దూరదు. ఇంట్లో గరాజ్ తలుపు కూడా కొలుచుకోండి. బల్లకున్న మంచి ఏమిటంటే గూడుని కాళ్ళ మీద నిలబెట్టి బండి ముందుకి తీసేస్తే ఉట్టి బల్ల మిగులుతుంది. సోఫా, మట్టి, ఇటుకలు ఏవైనా వేసుకోవచ్చు. బండి మార్చినా గూడు కొత్తదాని మీదికి మారుతుంది. ఒక పక్క గుద్దుకుంటే ఆ పక్క రేకు ఒక్కటే మార్చుకుంటే సరిపోతుంది. తొట్టికైతే డెంటింగు, పెయింటింగు, బిల్లు చూసి నీరసం.

ఖర్చు మాటకొస్తే తొట్టి బండి ధరలోనే వస్తుంది, పైన గూడు మాత్రం వేరే. బల్ల మీద తలుపులూ అలమరలూ కరెంటూ అన్నీ పెట్టించి ముగించేసరికి పది వేల డాలర్లు దాటటం మామూలే. ఆ డబ్బు పెట్టి ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఇండియా వచ్చి అమ్మానాన్నల దగ్గర నెల్లాళ్ళుండి పోవచ్చు. ఈ మాట మావారి దగ్గర అంటే ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటారు.

బ్రిస్బేన్ చెల్లాయికి నా సలహా ఇది. మీకు ఇద్దరూ బడి పిల్లలు, ఏడాదికి ఒక పెద్ద ప్రయాణం, మిగతా రోజులు ఊళ్ళో తిరుగుడే కాబట్టి తొట్టి బండే తీసుకోండి. పైన క్యానోపీకి పక్క కిటికీలు పైకెత్తేవి వుండాలి, అద్దాలు జరిపేవి కాదు. ఎత్తే కిటికీ వుంటే వంటసామాను ఎడమ పక్క కిటికీ దగ్గర పెట్టుకోవచ్చు, డోరు మీదుగా వంగే బాధ సగం తప్పుతుంది. పెద్ద సొరుగులు వద్దు, ఫ్రిజ్‌కి స్లైడు మాత్రం వుంచి మిగతావి ప్లాస్టిక్ పెట్టెల్లో సర్దండి. అక్కడే 50 కిలోలు ఆదా. డోరుకి రబ్బరు సీలు బయల్దేరకముందే. కెయిన్స్ దాటాక కొస దాకా దాదాపు వెయ్యి కిలోమీటర్లు, అందులో మట్టిరోడ్డు కూడా చాలానే వుంది. కారవాన్ మాట ఎత్తనివ్వకండి. రెండేళ్ళకోసారి నెలల తరబడి తిరిగే ఉద్దేశం వుంటే మాత్రం మాట వేరు, అప్పుడు ఖర్చయినా సరే అల్యూమినియం బల్లా, దాని మీద గూడూ. రోజూ సాయంత్రం అరగంట కలిసొచ్చేది మీకే.

గ్యాసు గురించి ఒక్క జాగ్రత్త, ఏ బండికైనా ఇదే. సిలిండరు మూసిన గూట్లో మామూలుగా పెట్టకూడదు. కారిన గ్యాసు కిందికి దిగి బయటికి పోయే దారి వున్న ప్రత్యేకమైన అరలోనో, బయటో బిగించాలి. వాన పడుతోందని గూడు లోపల పొయ్యి వెలిగించి తలుపులు దించటం అసలే పనికిరాదు. ఆ విషవాయువుకి వాసన కూడా వుండదు.

ఇక సేల్స్‌మన్‌ని అడగాల్సింది ఒకటే ఒకటి మిగిలింది. ఖాళీ బండి బరువు అని ఆయన చెప్పేది ‘టేర్’ బరువా, ‘కెర్బ్’ బరువా అని అడగండి. టేర్ అంటే ట్యాంకులో పది లీటర్ల డీజిల్ మాత్రమే లెక్క, కెర్బ్ అంటే నిండు ట్యాంకు. ట్యాంకు 80 లీటర్లదైతే రెంటికీ తేడా అరవై కిలోల దాకా వుంటుంది. అంటే మీ నీళ్ళన్నీ ఎక్కించినంత! ఏదైనా సరే కాగితం మీద రాయించి, సంతకం పెట్టించుకుని, దాన్ని మీ వంటింట్లో పప్పుల అలమర తలుపు లోపలివైపు అంటించండి. ప్రయాణానికి ముందు రోజు సామాను సర్దేటప్పుడు దాని పక్కనే బాత్రూమ్‌లో బరువు చూసుకునే మిషను పెట్టుకుని, ఒక్కొక్క పెట్టే దాని మీద పెట్టి రాసుకుంటూ పోండి. అన్నీ ఎక్కాక, పిల్లలతో సహా బండినలాగే దగ్గర్లో వున్న వే బ్రిడ్జికి తోలండి. ముందు ఇరుసు ఎంత, వెనక ఇరుసు ఎంత అని విడివిడిగా తూయించుకోండి, వెనక ఇరుసుకి వేరే పరిమితి వుంటుంది. మొత్తం సరిపోయినా అది దాటితే ఇంటికొచ్చి మొదట దించాల్సింది బియ్యం బస్తా కాదు, ఆయన రెండో పనిముట్ల పెట్టె!